జరగని భోజనం

దేశాలు ఒకదానితో ఒకటి ఎందుకు సహకరించుకుంటాయి అన్న విషయం మీద మా కేంద్రం చాలాకాలంగా పరిశోధన చేస్తోంది. ఎందుకు సహకరించుకోవు అన్నది వేరే కేంద్రం వారి విషయం. వాళ్ళ భవనం మాకంటే పెద్దది.

మాది సముద్రం కనబడే కొండ మీద ఒక పాత బంగళా. పూర్తి పేరు అంతర్జాతీయ సంబంధాల, సహకారాల ఉన్నత పరిశోధనా కేంద్రం. ఆ పేరంతా పట్టేలా బోర్డు చేయించేసరికి ఒక కిటికీ మూసుకుపోయింది. ఆ కిటికీ నాది. అందుకని నేను పట్టపగలు కూడా లైటు వేసుకుని పొరుగు దేశాల గురించి రాస్తూ ఉంటాను. బంగళా మధ్యలో పొడవాటి వరండా. దానికి ఇటు ఒప్పందాల విభాగం, అటు నదీజలాల విభాగం. నేను ఇటువాణ్ణి.

ఇటు పెద్ద మా డైరెక్టరు దూసి వైకుంఠరావు గారు. ఒప్పందాల పీఠికల మీద దేశంలో ఆయన్ని మించిన పండితుడు లేడు. 'ఇరుపక్షములూ పరస్పర గౌరవముతో' అని మొదలయ్యే పేరాలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. పీఠిక అయిపోయాక ఒప్పందంలో ఏముంటుందో ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు. అటు పెద్ద మిన్నికంటి అనసూయమ్మ గారు. ఏ నది ఏ దేశంలో పుట్టి ఏ దేశం వాళ్ళని ఏడిపిస్తుందో ఆవిడ కళ్ళు మూసుకుని చెప్పగలరు. మాట మాత్రం కాస్త పదును.

ఈ రెండు విభాగాలనీ కలిపి ఉంచింది నిజానికి మధ్యాహ్న భోజనం. ఒంటిగంట కాగానే లైబ్రరీ వెనక గదిలో బల్లలు దగ్గరికి జరిపి, పాత పేపర్లు పరిచి, క్యారేజీలు విప్పేవాళ్ళం. ఆ బల్ల దగ్గర ఒకటే నియమం. ఎవరి కూర వాళ్ళు మొదట తినకూడదు. మొదటి ముద్ద పక్కవాళ్ళ గిన్నెలోంచే కలుపుకోవాలి. ఎవరు పెట్టారో ఎప్పుడు పెట్టారో తెలీదు గానీ, వైకుంఠరావు గారి ఇంటి పొట్లకాయ కూర కూడా దానివల్లే చెల్లిపోయేది. సెలవులు సర్దుకోవడం, పరీక్ష డ్యూటీలు మార్చుకోవడం, ఒకరి విద్యార్థి థీసిస్ మరొకరు చూసిపెట్టడం, అన్నీ చేతులు కడుక్కునేలోపే తేలిపోయేవి. ఎవరూ ఏదీ రాసుకునేవారు కారు. అందరి కుడిచేతులూ ఎంగిలిగా ఉండేవి కాబట్టి.

అలా హాయిగా సాగుతున్న మాకు, మూల్యాంకన సంఘం వస్తోందని కబురొచ్చింది.

ఈ సంఘం వాళ్ళు ఊరూరా తిరిగి విద్యాసంస్థలకి గ్రేడులు ఇస్తారు. మంచి పాఠానికి కొన్ని మార్కులు, పరిశోధనకి కొన్ని. అవగాహన ఒప్పందాలకి మాత్రం ఎన్ని చేసుకుంటే అన్ని. లోకమంతా ముద్దుగా ఎమ్‌ఓయూ అని పిలుచుకునేది వాటినే. ఈ సంగతి తెలిసిన రోజున వైకుంఠరావు గారి మొహం చూడాల్సింది. జీవితమంతా పీఠికలు చదివిన మనిషికి, ఎన్నైనా రాసుకో అని ఎవరో తెల్లకాగితాల కట్ట చేతికిచ్చినట్టయింది.

మొదట విదేశాలు. రోజూ ఏదో ఒక విశ్వవిద్యాలయంతో సంతకాలు. మధ్యలో చిన్న జెండాలు రెండు, వెనక పూలకుండీ, ముందు ఫొటోగ్రాఫరు. ఒకదాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించాక తెలిసింది, అది దంతవైద్య కళాశాల అని.

"అయితే ఏమండీ?" అన్నారు వైకుంఠరావు గారు ఏమాత్రం తొణక్కుండా. "దౌత్యానికి నోరే కదా మూలం!"

విదేశాలు అయిపోయాయి. అయిపోయాయంటే, జవాబిచ్చేవి అయిపోయాయి. తరవాత స్వదేశం. సంగీత కళాశాలతో, చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీతో, కొండ కింద కుక్కపిల్లల ప్రేమికుల సంఘంతో ఒప్పందాలు కుదిరాయి. ఐసు ఫ్యాక్టరీ యజమాని సంతకం పెట్టి, "ఇంతకీ రోజుకి ఎన్ని దిమ్మలు పంపమంటారు?" అని అడిగాడు. ఆయన్ని అందరూ జాలిగా చూశారు. ఒప్పందం చేసుకున్నాక ఏదో చెయ్యాలి కాబోలు అనుకున్నాడు పాపం.

గోడలన్నీ ఫ్రేములతో నిండిపోయాయి. ఊళ్ళో ఒప్పందానికి ఒప్పుకునేవాళ్ళు ఇక మిగల్లేదు. సరిగ్గా అప్పుడే వైకుంఠరావు గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. ఆయన లైబ్రరీ వెనక గదిలో అనసూయమ్మ గారి గోంగూర పచ్చడి కలుపుకుంటూ చటుక్కున ఆగిపోయారు.

"పేడాడ గారూ," అన్నారు నాతో, ముద్ద చేతిలోనే ఉంచుకుని. "ఇది సహకారమే కదండీ?"

"పచ్చడండీ," అన్నాను.

"సహకారం! ఒక విభాగం నుంచి మరో విభాగానికి! ఇన్నేళ్ళుగా రోజూ జరుగుతోంది. ఒక్కటీ లెక్కలోకి రాలేదు. ఎంత నష్టం! ఎంత నష్టం!"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గోంగూర కారం అనుకున్నాను నేను.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. అది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "ఇందుమూలముగా సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఒప్పందము లేకుండా జరిగిన ఏ సహకారమైననూ లెక్కలోనికి రాదు కావున, అట్టి సహకారము జరగనట్టే పరిగణించబడును. జరగనట్టే పరిగణించబడు దానికై సమయము వెచ్చించుట వృథా కావున, నేటినుండి ఒప్పందము లేని సహకారము నిషేధించడమైనది. ఇకపై కేంద్రములోని రెండు విభాగములూ స్వతంత్ర ప్రతిపత్తి గల పక్షములుగా వ్యవహరించవలెను."

అంతర్జాతీయ సంబంధాల్లో అందరం పండితులమే కాబట్టి ఎవరికీ దీన్ని పాటించడం కష్టం కాలేదు. వరండా మధ్య ఒక కుర్చీ వేశారు. అందులో మా అటెండరు అప్పలనర్సయ్య కూర్చున్నాడు. నిన్నటిదాకా రెండువైపులా టీ మోసినవాడు ఇవాళ్టినుంచి ప్రోటోకాల్ ఆఫీసరు. చొక్కా టక్ చేశాడు. నేను ఎప్పట్లాగే అటువైపు నడవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏ పని మీద ఎల్తన్నారండి?"

"పంచింగ్ మిషను కావాలి. అనసూయమ్మ గారి దగ్గరుంటుంది కదా."

"పరికరాల మార్పిడి ఇంకా పేపరు మీదకి రానేదండి. ఎనక్కెల్లిపోండి. మీరు పెద్దోరు, నానో మాటనడం బాగోదు."

మధ్యాహ్నానికి టీ కూడా ఆగింది. టీ పొడి మాది, పాలు వాళ్ళవి. వాళ్ళు పాలు తాగారు, మేము డికాక్షను తాగాం. సాయంత్రం నా స్కూటరు మొరాయించింది. నదీజలాల విభాగం కుర్రాడొకడు ఎప్పుడూ వెనకనుంచి తోసేవాడు. ఆ రోజు మెట్ల మీద నిలబడి నా వంక ఎంతో బాధగా చూశాడు. "రవాణా రంగంలో మనకింకా ఒప్పందం లేదండి," అన్నాడు. దారంతా కొండ దిగడమే కాబట్టి బతికిపోయాను.

ఇక భోజనం సంగతి తేలాలి. కూరల మార్పిడి ఒప్పందం మీద చర్చలు లైబ్రరీ వెనక గదిలోనే మొదలయ్యాయి. పాత పేపర్ల బదులు ఆకుపచ్చ గుడ్డ పరిచారు. రెండు చిన్న జెండాలు పెట్టారు. మధ్యలో క్యారేజీలు, మూతలు తియ్యకుండా. నేను మినిట్స్ రాస్తున్నాను. కుడిచెయ్యి శుభ్రంగా ఉంది. కడుపు ఖాళీగా ఉంది.

వైకుంఠరావు గారు పీఠిక చదివారు. "ఇరుపక్షములూ పరస్పర గౌరవమును, సార్వభౌమత్వమును, జీర్ణశక్తిని గుర్తిస్తూ, చెంచాకు చెంచా సమాన ప్రాతిపదికన..."

"ఆగండాగండి," అన్నారు అనసూయమ్మ గారు. "చెంచాకి చెంచా ఏమిటి? నా గోంగూర పచ్చడి ఒక చెంచాకి, మీ పొట్లకాయ కూర ఒక చెంచా ఇస్తారా?"

"సమానత్వం ఒప్పందాలకి ప్రాణం అండీ."

"ఆ గోంగూర ఏరడానికి ఓ పూట పట్టింది. మీ పొట్లకాయ దానంతటది ఉడుకుతుంది. తినేటప్పుడు కూడా ఎవరికీ శ్రమ ఉండదు, ఎవరూ తినరు కాబట్టి."

ఇన్నేళ్ళూ ఆ కూరని అందరం నోరెత్తకుండా తిన్నాం. వైకుంఠరావు గారు మెల్లగా లేచి నిలబడ్డారు.

"పొట్లకాయ మీద చేసిన ఈ వ్యాఖ్యని," అన్నారు వణుకుతున్న గొంతుతో, "మా ఆంతరంగిక వ్యవహారాల్లో జోక్యంగా పరిగణిస్తున్నాం."

అనసూయమ్మ గారు క్యారేజీ ఎత్తుకుని వెళ్ళిపోయారు. వెళుతూ వెళుతూ తమ జెండా కూడా తీసుకుపోయారు. చర్చలు విఫలమైనట్టు నేను రాసుకున్నాను. ఆ రోజునుంచి ఎవరి గదిలో వాళ్ళు తలుపు వేసుకుని తిన్నాం. ఎవరి కూర వాళ్ళు మొదట తిన్నాం. మా ఇంట్లో కూరల్లో ఉప్పు ఎంత తక్కువగా వేస్తారో నాకు అప్పుడే తెలిసింది.

ఇంతవరకూ ఇది నవ్వుకునే వ్యవహారమే. హైమావతి సంగతికి వచ్చేసరికి నవ్వు రాదు.

సీపాన హైమావతి మా కేంద్రంలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. పలాస అవతల పల్లెటూరు. తండ్రి లేడు. తల్లి నారాయణమ్మ గారు ఒకప్పుడు ఆ ఊరి సర్పంచి. హైమావతికి గైడు వైకుంఠరావు గారు, రెండో గైడు అనసూయమ్మ గారు. రెండు దేశాల మధ్య పారే ఒక నది మీద ఆమె థీసిస్. ఆ నదికి అటూ ఇటూ నీటిమట్టం కొలిచే ఇంజినీర్లు ఇద్దరు ఉండేవారు. రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకోని కాలంలో కూడా వాళ్ళిద్దరూ వరదొచ్చే ముందు ఒకరికొకరు ఫోను చేసుకునేవారు. అంతకు ముందెప్పుడో సరిహద్దు సమావేశంలో పక్కపక్కన కూర్చుని అన్నం తిన్న పరిచయం. అలా ఎన్నో ఊళ్ళు మునక్కుండా బతికాయి. ఒప్పందం చాలా ఏళ్ళ తరవాత వచ్చింది. ఆ సంగతులన్నీ తవ్వి తీసి, ఎండనక వాననక తిరిగి రాసింది ఆ పిల్ల. మంచి థీసిస్. మా కేంద్రంలో నేను చివరిదాకా చదివిన థీసిస్ అదొక్కటే.

పార్వతీపురం డిగ్రీ కాలేజీలో లెక్చరరు ఉద్యోగం వచ్చింది ఆమెకి. నెలాఖరులోగా పీహెచ్‌డీ అయినట్టు చూపించాలి. లేకపోతే జాబితాలో తరవాతివాళ్ళకి వెళ్ళిపోతుంది. మిగిలింది వైవా ఒక్కటే. దానికి ఇద్దరు గైడ్లూ, బయటి నుంచి వచ్చే పరీక్షకుడూ ఒకేచోట కూర్చోవాలి. ఎక్కడ కూర్చోవాలో విశ్వవిద్యాలయం నియమాల్లో రాయలేదు. రాయాల్సి వస్తుందని ఎవరూ అనుకుని ఉండరు.

"నా సమావేశ మందిరంలో పెడదాం," అని వైకుంఠరావు గారు కబురు పంపారు.

"వాళ్ళ భూభాగంలోకి నేను అడుగుపెట్టను. నా గదిలో పెట్టండి," అని అనసూయమ్మ గారి నుంచి జవాబొచ్చింది.

వరండాలో పెడదామని నేను అన్నాను. వరండా వివాదాస్పద ప్రాంతమని అప్పలనర్సయ్య చెప్పాడు. వైవా ఒప్పందం ఒకటి రాయాలని డైరెక్టరు గారు పూనుకున్నారు. రోజులు గడుస్తున్నాయి, పీఠిక పెరుగుతోంది. హైమావతి పొద్దున ఇటు గుమ్మం దగ్గర, మధ్యాహ్నం అటు గుమ్మం దగ్గర నిలబడేది. ఆ పిల్ల మొహం చూడలేక నేను తలుపు వేసుకునేవాణ్ణి.

ఇంతలో మూల్యాంకన సంఘం వచ్చింది. గోడల మీద ఫ్రేములన్నీ తిరిగి చూశారు. దంతవైద్య కళాశాల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. పాత ఫైళ్ళ దుమ్ముకి సంఘం అధ్యక్షుల వారికి దగ్గు తెర వచ్చింది.

"కొంచెం నీళ్ళు..." అన్నారు, గుండె పట్టుకుని.

నదీజలాల పంపకంలో దేశంలోకెల్లా పెద్ద కేంద్రం మాది. అందరం అప్పలనర్సయ్య వైపు చూశాం. అప్పలనర్సయ్య అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"నీళ్ళు అటేపండి. గళాసులు ఇటేపండి. రెండూ కలవాలంటే పేపరుండాలండి."

అధ్యక్షులు దగ్గుతూనే ఆశ్చర్యంగా తల ఊపారు. సొంత సీసా తెప్పించుకుని తాగి, ఊపిరి తీసుకున్నాక, "ఇంత నిక్కచ్చిగా అమలుచేసే సంస్థని మేమెక్కడా చూడలేదు," అన్నారు. ఆయన పక్కాయన అది రాసుకున్నారు.

ఆ సాయంత్రం హైమావతి నా గదికి వచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. చేతిలో సర్క్యులర్ ఉంది.

"సార్, ఇందులో ఒకటి అడగాలి. ఒప్పందం లేని సహకారం జరగనట్టే పరిగణిస్తారు కదా?"

"అవునమ్మా."

"జరగనిదాన్ని చేసినందుకు ఎవరినైనా ఎలా తప్పుపడతారు సార్?"

నేను ఆలోచించాను. పొరుగు దేశాల మీద రాసి రాసి అరిగిపోయిన బుర్ర నాది. అయినా అందులో ఏదో వెలిగింది.

"ఊరినుంచి మా అమ్మ వచ్చింది సార్, లేత పనసకాయలు పట్టుకుని. కొండ కింద నేనుంటున్న వాటాలో ఎల్లుండి భోజనం. పరీక్షకుడు గారు ఆ రోజే దిగుతారు. ఇద్దరినీ మీరు పిలవండి. అది ఎవరి భూభాగమూ కాదు. భోజనం ఎలాగూ జరగనట్టే కదా. అక్కడ పెట్టే వైవా మాత్రం యూనివర్సిటీ లెక్కలోది."

వైకుంఠరావు గారి దగ్గరికి నేనే వెళ్ళాను. ఆయన పొట్లకాయ కూర ముందు ఒంటరిగా కూర్చుని ఉన్నారు. అంతా విన్నారు. తటస్థ వేదిక అన్న మాట రెండుసార్లు చెప్పించుకున్నారు. చాలాసేపు కిటికీలోంచి సముద్రం కేసి చూశారు.

"ఏం కూర అన్నారు?" అన్నారు చివరికి.

"పనసపొట్టు. ఆవపెట్టి."

ఆయన ఒక్కసారి గుటక వేశారు. "వ్యూహాత్మకంగా పరిశీలించదగిన ప్రతిపాదనే," అన్నారు. అనసూయమ్మ గారు ఇంకా తొందరగా ఒప్పుకున్నారు. నెల రోజులుగా తన పచ్చడి తానే తిని ఆవిడకి నోరు పొక్కిపోయి ఉంది.

కొండ కింద అది రెండు గదుల వాటా. నేలమీద చాపలు, వాటి ముందు అరిటాకులు. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు బండి రుద్రప్ప గారు, అనంతపురం వైపు మనిషి, రైలు దిగి నేరుగా వచ్చారు. గోడకి ఆనుకుని నేను. మాకు ఎదురుగా వైకుంఠరావు గారు, ఆయన పక్క ఆకు ముందు అనసూయమ్మ గారు. వాళ్ళిద్దరూ ఒకరి వంక ఒకరు చూసుకోలేదు. నారాయణమ్మ గారు కొంగు నడుముకి బిగించి వడ్డించడం మొదలుపెట్టారు. నెరిసిన జుట్టు, పెద్ద బొట్టు, గ్రామసభలు నడిపిన గొంతు.

"మొహమాటం వొద్దు బాబూ. మా ఇంట అడిగి ఏసుకోవాలి."

పనసపొట్టు కూర ఆకుల మీద పడింది. ఆవ ఘాటు ముక్కుకి తగిలింది. వైకుంఠరావు గారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. అనసూయమ్మ గారు సంచిలోంచి చిన్న సీసా తీశారు. గోంగూర. దాన్ని రెండాకుల మధ్య పెట్టారు. కాసేపటికి ఆయన చెయ్యి దానివైపు వెళ్ళింది. అందరం చూడనట్టు నటించాం.

తింటూ తింటూనే రుద్రప్ప గారు ప్రశ్నలు మొదలుపెట్టారు. "ఏమ్మా, ఆ ఇంజినీర్లిద్దరూ ఫోన్లు చేసుకునిండేది మంచిదే. అది సహకారం అని యెట్ల అంటావు? సర్కారు ఒప్పుకోలేదు గదా?"

"సర్కారు ఒప్పుకోకపోయినా నీళ్ళు తగ్గాయి సార్," అంది హైమావతి. "ఊళ్ళు మిగిలాయి. తరవాత ఒప్పందం రాసినవాళ్ళు, వాళ్ళు చేస్తున్నదాన్నే కాగితం మీదకి ఎక్కించారు. వాక్యాలతో సహా చూపించాను, మూడో అధ్యాయంలో."

వైకుంఠరావు గారు ఒకటి అడిగారు. అనసూయమ్మ గారు ఒకటి అడిగారు. ఒకరి ప్రశ్నకి మరొకరు అనుబంధం కలిపారు. రుద్రప్ప గారు గట్టిగా ఎదురు చెప్పారు, ఆ పిల్ల తగ్గలేదు. ఆకుల ముందు గడిచిన ఆ గంటలో మా కేంద్రం మళ్ళీ కేంద్రంలా అనిపించింది నాకు. వంటగది గుమ్మంలో నారాయణమ్మ గారు గరిటె పట్టుకుని నిలబడిపోయారు. మాటలు ఎంతవరకు అర్థమయ్యాయో తెలీదు. కూతురి గొంతు ఒణకడం లేదన్నది మాత్రం ఆవిడకి అర్థమైంది.

"శానా బాగుంది," అన్నారు రుద్రప్ప గారు, ఆకు మడుస్తూ. "నా మటుకు నేను పాసు జేస్తాండా."

"నేనూ," అన్నారు అనసూయమ్మ గారు.

వైకుంఠరావు గారు పరమాన్నం ఆఖరి చుక్క దాకా నాకి, ఆకు మడిచి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. తేన్చారు. తేన్చాక ఆయనకి డైరెక్టరు పదవి గుర్తొచ్చింది.

"ఒక చిన్న ఇబ్బంది ఉందండీ," అన్నారు. "ఇక్కడ రెండు విభాగాలూ కలిసి పనిచేశాయి. ఒప్పందం లేకుండా. కాబట్టి నియమం ప్రకారం ఈ భోజనం జరగనట్టు. భోజనం జరగకపోతే, అందులో జరిగిన వైవా కూడా..."

"జరగలేదంటారా?" అన్నాను. నాకు ఒళ్ళు మండింది.

"నా వ్యక్తిగత అభిప్రాయం వేరండీ. కానీ సర్క్యులర్ మీద ఉన్నది నా సంతకమే. మనం వచ్చే నెల ఒప్పందం కుదుర్చుకుని, మళ్ళీ..."

హైమావతి మొహం పాలిపోయింది. తను పన్నిన ఉపాయం తన మెడకే చుట్టుకుంటుందని ఆ పిల్ల అనుకోలేదు. వచ్చే నెలకి ఆ ఉద్యోగం ఉండదు.

"ఏందప్పా ఇది!" అన్నారు రుద్రప్ప గారు. "రాత్రంతా రైల్లో కూసోని వస్తిని గదా. ఇది జరగలేదంటే ఇప్పుడు నేను యాడ ఉండేట్టు? మీరు మూడుమాట్లు కూర ఏసుకుంటిరే, అది యాడికి పోయ?"

"నియమం ప్రకారం, నేను తినలేదండీ," అన్నారు వైకుంఠరావు గారు కళ్ళు దించుకుని.

వంటగది గుమ్మం దగ్గర గరిటె చప్పుడైంది.

"ఏటి బాబూ?" అన్నారు నారాయణమ్మ గారు. "తిననేదా?"

"అది కాదమ్మా, సాంకేతికంగా..."

"అయ్యయ్యో! ఎంత పనైపోనాది! ఇంటికొచ్చిన పెద్దమనిషి తినకండా ఎల్లిపోతే మా పరువేటవుద్ది?" ఆవిడ మడిచిన ఆకు తీసేశారు. కొత్త ఆకు వేసి నీళ్ళు చిలకరించారు. అన్నం కుప్ప పోశారు. పప్పు, నెయ్యి, పనసపొట్టు కూర, గారెలు. "కూకోండి. మొదటినుంచి తినండి."

వైకుంఠరావు గారు మా వంక చూశారు. మేమంతా గోడల వంక చూశాం. పెద్దావిడ పక్కన గరిటెతో నిలబడి ఉంటే ఆయన ఏం చేస్తారు? తిన్నారు. సగం ఆకు అయ్యేసరికి నుదుటి మీద చెమట పట్టింది.

"తిన్నారా బాబూ?" అన్నారు నారాయణమ్మ గారు.

"అంటే... ఒప్పందం లేకుండా కాబట్టి..."

"నేదన్నమాట. గారె ఏసుకోండి. ఇంకోటి ఏసుకోండి."

"నా గోంగూర కూడా వేసుకోండి," అన్నారు అనసూయమ్మ గారు తీపిగా, సీసా వంచి. "చెంచాకి చెంచా అక్కర్లేదు. అంతా మీదే."

రెండో గారె దగ్గర ఆయనకి ఊపిరి అందలేదు. నారాయణమ్మ గారు పరమాన్నం గిన్నె పట్టుకొచ్చారు. పెద్ద గిన్నె. అది చూసి మా డైరెక్టరు గారు రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టారు.

"జరిగింది!" అన్నారు. "జరిగిందమ్మా, జరిగింది!"

"ఏటి జరిగింది బాబూ? సరిగ్గా సెప్పండి."

"భోజనం జరిగింది."

"అదొక్కటేనా?" గరిటెలో పరమాన్నం ఇంకా గాల్లోనే ఉంది.

"వైవా కూడా జరిగింది!"

"మా పిల్ల పాసయినాదా?"

"అయింది తల్లీ. ముగ్గురం ఒప్పుకున్నాం. నేను ఒప్పుకున్నాను. రుద్రప్ప గారూ, రాసేయండి, ఇప్పుడే రాసేయండి!"

రుద్రప్ప గారు రాశారు. సంతకాలు అయ్యాయి. వైకుంఠరావు గారి సంతకం పక్కన కొంచెం నెయ్యి అంటింది. నారాయణమ్మ గారు గరిటె గిన్నెలో పెట్టేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పదవిలో ఉన్నప్పుడు ఇలాటి తీర్మానాలు నాను శానా పాసు సేయించినాను," అన్నారు. హైమావతి నవ్వబోయి ఏడ్చేసింది.

నెలాఖరుకి ముందే ఆ పిల్ల పార్వతీపురం వెళ్ళి ఉద్యోగంలో చేరింది. మా కేంద్రానికి గ్రేడు కూడా వచ్చింది. సహకారంలో అత్యున్నత శ్రేణి. దాన్ని ఫ్రేము కట్టించి తగిలించడానికి గోడ లేక, నా గది తలుపు మీద కొట్టారు. సర్క్యులర్ మాత్రం అలాగే ఉంది. దాన్ని ఎత్తెయ్యాలంటే ఇరుపక్షాల మధ్య ఒప్పందం కుదరాలట.

ఆ ఫ్రేము కొట్టిన మర్నాడు ఒంటిగంటకి నా తలుపు ఎవరో కొట్టారు. అనసూయమ్మ గారు, చేతిలో క్యారేజీ. వెనక అప్పలనర్సయ్య, ఒక చేత్తో పాల గిన్నె, ఇంకో చేత్తో మా టీ పొడి డబ్బా. నేను నా క్యారేజీ తీసుకుని వాళ్ళ వెంట నడిచాను. లైబ్రరీ వెనక గదిలో ఆకుపచ్చ గుడ్డ తీసేసి పాత పేపర్లు పరిచాం. మూతలు తీశాం.

గుమ్మంలో నీడ పడింది. వైకుంఠరావు గారు. చేతిలో క్యారేజీ వెనక్కి దాచుకున్నారు.

"ఇక్కడేం జరుగుతోంది?" అన్నారు, గొంతు గంభీరంగా పెట్టడానికి ప్రయత్నిస్తూ.

"ఏమీ జరగడం లేదండీ," అన్నారు అనసూయమ్మ గారు. "వచ్చి కూర్చోండి."

ఆయన వచ్చి ఆవిడ పక్కన కూర్చుని, మెల్లగా మూత తీశారు. పొట్లకాయ. అందరి చేతులూ ఆగిపోయాయి. ఆయన తల వంచుకున్నారు. బల్ల నియమం బల్ల నియమమే కదా, అనసూయమ్మ గారు ఆ గిన్నె తన దగ్గరికి లాక్కుని, గరిటెడు వేసుకుని, మొదటి ముద్ద దాంతోనే కలిపారు. నములుతున్నంతసేపూ ఆయన ఆవిడ మొహం వంకే చూశారు. మేమందరం చూశాం.

ఆవిడ కష్టపడి మింగారు. నీళ్ళు తాగారు.

"పొట్లకాయ బావుందండీ," అన్నారు.

అంతర్జాతీయ సంబంధాల మీద నేను చదివిన పుస్తకాలన్నీ ఒక ఎత్తు, ఆ ముక్క ఒక ఎత్తు. వైకుంఠరావు గారు గోంగూర వైపు చెయ్యి చాచారు, మేము భోజనం మొదలుపెట్టాం.